పిక్‌కూ అప్‌కూ మధ్య ఉన్న ఖాళీ

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, చదివేవాళ్ళ కోసం ముందు దాన్ని కుదించి చెబుతాను. మీరు గచ్చిబౌలిలో ఒక కార్యాలయంలో కొత్తగా చేరారు. లండన్ నుంచి వస్తున్న సహోద్యోగికి ‘ఐ విల్ పికప్ యూ ఎట్ సిక్స్’ అని సందేశం పంపారు. పక్క సీటులో ఉన్నాయన అది తప్పన్నారు కానీ ఎందుకు తప్పో చెప్పలేదు. అంతకుముందు మీరు ‘ఐ పికప్డ్ ద పార్సిల్’ అని రాస్తే కంప్యూటర్ ఎర్రగీత పెట్టింది. మేనేజరు ఒక మెయిల్ కింద ‘కెన్ యూ పిక్ దిస్ అప్?’ అని రాస్తే, ఏ వస్తువు ఎక్కడి నుంచి తేవాలండీ అని మీరు ఎదురు అడిగారు. ‘ఒక్క పికప్‌కు ఇన్ని అర్థాలుంటే ఎలా? అన్నీ బట్టీ పట్టాలా?’ అన్నది మీ బాధ.

జవాబు ముందే చెప్పేస్తాను. బట్టీ అక్కర లేదు. ‘ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ సిక్స్’ అనాలి. మీ, యూ, హిమ్, హర్, ఇట్, దెమ్ లాంటి సర్వనామాలు పిక్‌కూ అప్‌కూ మధ్యలోనే కూర్చోవాలి, అప్ తరువాత కాదు. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు మార్పు పిక్‌కే: ‘ఐ పిక్డ్ అప్ ద పార్సిల్’. మీ మేనేజరు వస్తువేదీ తెమ్మనలేదు. ఈ పని మీరు అందుకుంటారా, మీ మీద వేసుకుంటారా అని అడిగారు. మీ మొదటి రెండు తప్పులకూ కారణం ఒక్కటే. అది ఇంగ్లీషులో లేదు, మన తెలుగులో ఉంది.

నేను అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక వీధిలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ‘పికప్’ అనే మాట తెలియనివాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆటో నడిపేవాళ్ళ దగ్గర నుంచి ఆసుపత్రి నర్సుల దాకా అందరికీ తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది. తెలియని మాటనైతే జాగ్రత్తగా నేర్చుకుంటారు, తెలిసిందనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు.

తెలుగులోకి వచ్చేటప్పుడు పిక్, అప్ రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా వచ్చాయి. ఆ ముద్దకు మనం ‘చేయు’ తగిలించి ‘పికప్ చేశాను’ అన్నాం, ‘అవు’ తగిలించి ‘వ్యాపారం పికప్ అయింది’ అన్నాం. తెలుగు వరకు ఇందులో తప్పేమీ లేదు. భాషలు మాటలను ఇలాగే తెచ్చుకుంటాయి. తంటా అంతా ఆ ముద్దను ముద్దగానే తిరిగి ఇంగ్లీషులో పెట్టినప్పుడు. వాళ్ళకు అది ముద్ద కాదు, మధ్యలో ఖాళీ ఉన్న రెండు మాటలు. సర్వనామం వెళ్ళి ఆ ఖాళీలోనే కూర్చుంటుంది. కాలాన్ని తెలిపే గుర్తు కూడా ఆ ఖాళీకి ఇవతలే, పిక్ చివరనే అంటుకుంటుంది. ముద్దలో ఖాళీ ఉండదు కాబట్టి యూ బయటకు పోయింది, ‘డ్’ వెళ్ళి అప్ తోకకు తగులుకుంది.

తోక అని ఊరికే అనలేదు. తెలుగు క్రియలో మార్పులన్నీ చివరనే జరుగుతాయి. ‘గుర్తుపట్టు’ తీసుకోండి. గుర్తుపట్టాను, గుర్తుపట్టాడు, గుర్తుపట్టలేదు, గుర్తుపడతారా. ‘గుర్తు’ కదలదు, మెదలదు. రంగులు మార్చేదంతా ‘పట్టు’. ఈ అలవాటుతో పెరిగిన నాలుక ‘పికప్’ను చూడగానే చివర ఉన్న అప్‌కే ‘డ్’ తగిలిస్తుంది. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా ఎదురు: తల మారుతుంది, తోక స్థిరంగా ఉంటుంది. పిక్, పిక్స్, పిక్డ్, పికింగ్ అని తల ఎన్ని వేషాలు వేసినా వెనకాల అప్ మాత్రం అప్‌గానే ఉంటుంది. ‘పికప్డ్’ అన్నవాళ్ళను చూసి నవ్వేవాళ్ళకు నేను ఈ మాటే చెబుతాను. అది తెలివితక్కువతనం కాదు, తెలుగు వ్యాకరణం బాగా ఒంటబట్టినవాళ్ళు చేసే తప్పు.

మధ్యలో ఏదో దూరడం కూడా మనకు వింత కాదు. ‘నన్ను గుర్తే పట్టలేదు’, ‘రాత్రంతా నిద్రే పట్టలేదు’ అంటాం. గుర్తుకూ పట్టుకూ మధ్య ‘ఏ’ దూరింది కదా, మనకేమీ అడ్డం రాలేదు కదా.

ఈ విషయం తరగతిలో నల్లబల్ల మీద రాసి చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకని నేను సుద్దముక్కలతో ఒక పని చేస్తాను. బల్ల మీద తెలుపు, పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ సుద్దలు వరుసగా పెడతాను. ఒకరిని పిలిచి ‘పిక్ వన్’ అంటాను. చెయ్యి అయిదు సుద్దల మీదుగా వెళ్ళి ఎక్కడో ఒక చోట ఆగుతుంది, సాధారణంగా గులాబీ దగ్గర. తరువాత ఆ సుద్దను తీసుకుని కింద పడేసి ‘నౌ పిక్ ఇట్ అప్’ అంటాను. ఇప్పుడు నడుము వంగుతుంది, చెయ్యి నేలకు తగులుతుంది, సుద్ద పైకి వస్తుంది. మొదటిసారి కదిలింది కన్ను, రెండోసారి కదిలింది నడుము. పిక్ అంటే ఎంచుకోవడం, పిక్ అప్ అంటే కింద ఉన్నదాన్ని చేతికి తీసుకోవడం. ఒక్కసారి వంగి లేచినవాళ్ళు ‘ఐ విల్ పిక్ యూ ఎట్ సిక్స్’ అని అప్‌ను మింగేయడం మానేస్తారు. ఎందుకంటే ఆ వాక్యం విన్న మనిషికి ఆరు గంటలకు తనను దేనికో ఎంపిక చేస్తారేమో అన్నట్టు ఉంటుంది. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారనుకోండి, కానీ మన నగరంలో ఎక్కువగా వినిపించే తప్పు ఇదే. మీరు చేసిన తప్పు కంటే ఇది ఎక్కువ.

మామిడితోట ఉన్న ఊరి నుంచి వచ్చినవాళ్ళకు సుద్ద కూడా అక్కర లేదు. చెట్టు మీది కాయను కోస్తే పిక్. గాలివానకు రాలిన కాయలను కింద ఏరుకుంటే పిక్ అప్. బియ్యంలో రాళ్ళు ఏరి పారేస్తే పిక్ అవుట్. ఏరి కోరి అల్లుణ్ణి తెచ్చుకుంటే మళ్ళీ పిక్. మన ‘ఏరు’ ఒక్కటే ఇన్ని చోట్ల పనిచేస్తుంటే అడగని మనం, ఇంగ్లీషువాడి పిక్ నాలుగు చోట్ల కనబడగానే ఎందుకిన్ని అర్థాలని విసుక్కుంటాం.

ఇక ఆ ఖాళీలో ఎవరు కూర్చోవచ్చు? సర్వనామమైతే తప్పనిసరిగా అక్కడే. చిన్న నామవాచకమైతే మీ ఇష్టం: ‘పిక్ అప్ ద పార్సిల్’ అన్నా సరే, ‘పిక్ ద పార్సిల్ అప్’ అన్నా సరే. పొడుగాటి మాటల గుంపు అయితే అప్ తరువాతే పెట్టండి. ‘డాబా మీద నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు’ అన్నంత పొడుగును పిక్‌కూ అప్‌కూ మధ్య ఇరికిస్తే, అప్ వచ్చేసరికి వినేవాడు పిక్‌ను మరిచిపోతాడు. మూడు సీట్ల ఆటోలో పెళ్ళివారిని ఎక్కించినట్టు ఉంటుంది.

సర్వనామానికే ఈ పట్టుదల ఎందుకంటే, అంతా ఊనికలో ఉంది. ఈ క్రియను పలికేటప్పుడు బరువు అప్ మీద పడుతుంది. వాక్యం చివరన బరువైన మాట ఉండడం ఇంగ్లీషుకు ఇష్టం. యూ, ఇట్ లాంటివి తేలిక మాటలు, ఎవరి గురించో ఏ వస్తువు గురించో ముందే తెలిసినవి. అవి లోపలికి జరిగి, బరువును చివరకు వదిలేస్తాయి. వేగంగా అన్నప్పుడు ‘పిక్ ఇట్ అప్’ మన చెవికి ‘పికిటప్’ అని వినిపిస్తుంది. అమెరికావాళ్ళ నోట అది దాదాపు ‘పికిడప్’. ‘పిక్డ్ అప్’ అయితే ‘పిక్టప్’, ఎందుకంటే అక్కడ రాసేది డ్ అయినా పలికేది ట్. ఫోనులో అవతలివాళ్ళు ఇలా కలిపి అన్నప్పుడు చాలామందికి మూడు మాటలున్నాయని తెలియదు. రోజూ పది సార్లు పికిటప్, పికిమప్, పికెమప్ అని పైకి అనమంటాను. వీధిలో పోయేవాళ్ళకు మంత్రం చదువుతున్నట్టు ఉంటుంది కానీ పని జరుగుతుంది. పికిమప్ అంటే పిక్ హిమ్ అప్, పికెమప్ అంటే పిక్ దెమ్ అప్.

నియమం మరిచిపోతామనిపిస్తే ఇరానీ చాయ్‌ని తలుచుకోండి. నీరసంగా ఉన్నప్పుడు తాగి తేరుకునేదాన్ని ఇంగ్లీషులో ‘పిక్-మీ-అప్’ అంటారు. మందు కావచ్చు, కాఫీ కావచ్చు, మన ఊళ్ళో అయితే మధ్యాహ్నం నాలుగింటి చాయ్. చూశారా, ‘మీ’ అన్న సర్వనామం మధ్యలో ఎంత హాయిగా కూర్చుందో! ఆ మాట నామవాచకంగా గడ్డకట్టిపోయినా ‘మీ’ తన చోటు వదల్లేదు. ‘పిక్-అప్-మీ’ అని ఎవరూ అనరు.

ముద్దగా ఉన్న ‘పికప్’ ఇంగ్లీషులోనూ ఉంది, అయితే నామవాచకంగానే. పికప్ పాయింట్, పికప్ టైమ్ అన్నప్పుడు ఒకే మాటగా రాయవచ్చు. అప్పుడు బరువు ముందున్న పిక్ మీదికి మారుతుంది. క్రియగా రాసేటప్పుడు మాత్రం విడదీయాలి. మీ క్యాబ్ యాప్‌లో కనిపించే మాట నామవాచకం, మీరు సహోద్యోగికి పంపిన సందేశంలో ఉండాల్సింది క్రియ. యాప్‌లో రోజూ చూసిన రూపమే చేతికి వచ్చేసి ఉంటుంది, అందులో మీ తప్పు పెద్దగా లేదు.

అర్థాల సంగతికి వస్తాను. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనకాల ఒక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు మహా కష్టమని ఒప్పుకున్నాడు. కాబట్టి మీరొక్కరే కాదు, ఈ వరుసలో రెండున్నర శతాబ్దాల జనం ఉన్నారు. అయితే తెలుగువాళ్ళకు ఒక సులువు ఉంది. నిఘంటువులో పన్నెండు అర్థాలు అంకెలు వేసి చూపిస్తే కంగారు పడకుండా, ఆ చోట మనం తెలుగులో ఏ మాట అంటామో చూసుకోండి.

‘వచ్చేటప్పుడు పాలు పట్టుకురా’ అంటాం కదా, అదే పిక్ అప్ సమ్ మిల్క్. బై అంటే కొనడం ముఖ్యం. పిక్ అప్ అంటే దారి ముఖ్యం, ఎటూ అటుగా వస్తున్నారు కాబట్టి ఆ పని కూడా. దర్జీ దగ్గర కుట్టడం అయిపోయిన జాకెట్టు తెచ్చుకోవడమూ ఇదే. డబ్బు ముందే ఇచ్చి ఉన్నా పిక్ అప్ అనవచ్చు.

మనిషిని బండి ఎక్కించుకోవడం మీ ప్రశ్నలో ఉన్న అర్థం. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు, కార్లు నడిపే పిల్లలు గుంపుగా నా తరగతికి వచ్చారు. బేగంపేటలో అయితే బయటకు వచ్చినవాళ్ళు కళ్ళెదుటే ఉండేవారు, శంషాబాద్‌లో ఫోనులో దారి చెప్పాలి. వాళ్ళలో ఒకతను ఒక విదేశీ అతిథికి ఫోను చేసి ‘ఐ హావ్ కమ్ టు లిఫ్ట్ యూ’ అన్నాడట. ఎక్కించుకోవడంలో ఎత్తడం ఉంది కదా అనుకున్నాడు. అవతలి మనిషి నవ్వి ‘నేను బరువెక్కువ’ అన్నాడట. ఆ కుర్రవాడు ఈ కథ తానే చెప్పి తానే నవ్వేవాడు, తరువాత మాత్రం ఎప్పుడూ తప్పు చేయలేదు. మనిషిని ఎక్కడి నుంచి అన్నదానికి ఫ్రమ్ గానీ ఎట్ గానీ వాడండి: ‘ఐ విల్ పిక్ యూ అప్ ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్’. దించడానికి డ్రాప్ ఆఫ్. స్టేషన్ దాకా వెళ్ళి రైలెక్కించి వీడ్కోలు చెప్పి వస్తే సీ ఆఫ్.

లిఫ్ట్ అన్నాం కాబట్టి ఫోను సంగతి. ‘ఫోను ఎత్తడం లేదు’ నుంచి ‘హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ పుట్టింది. హైదరాబాదులో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళకు ఫోను ఏదో బస్తా అయినట్టు, ఆయన దాన్ని లేపలేకపోతున్నట్టు ఉంటుంది. ‘హీ ఈజ్ నాట్ పికింగ్ అప్’ చాలు, ఫోన్ అన్న మాట కూడా అక్కర లేదు. కాల్ అన్న మాట వాడాలనుకుంటే దానికి ఆన్సర్ బాగా అతుకుతుంది. పిక్ అప్ ఫోనుతోనే జోడీ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన అర్థం ‘అబ్బడం’. శ్రీకాకుళం నుంచి వచ్చి లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో చేరిన ఒక కుర్రవాడు మూడు నెలల్లో ఉర్దూ మాట్లాడడం మొదలుపెట్టాడు. బడికి వెళ్ళలేదు, పుస్తకం కొనలేదు, బేరాలు విన్నాడు, బేరాలు చేశాడు. ‘హౌ’ (అవును), ‘నక్కో’ (వద్దు) దగ్గర మొదలై కొన్నాళ్ళకు యజమానితో వాదనకు దిగేదాకా వెళ్ళాడు. అతను ‘ఐ లెర్న్డ్ ఉర్దూ’ అన్నా తప్పు కాదు కానీ, ‘ఐ పిక్డ్ అప్ ఉర్దూ ఎట్ ద షాప్’ అంటే ఆ మూడు నెలలూ కళ్ళకు కడతాయి. ఎవరూ నేర్పకుండా నలుగురిలో తిరిగితే వచ్చిన విద్యకే ఈ మాట. అదే కుర్రవాడు ఇంటర్వ్యూలో ‘ఐ పిక్డ్ అప్ ఇంగ్లిష్ ఎట్ ఎ కోచింగ్ సెంటర్’ అన్నాడు. ఆరు నెలలు రోజూ గంటన్నర గొంతు చించుకున్నది నేను, గాలికి అబ్బినట్టు చెబితే మనసు చివుక్కుమనదా! అక్కడ లెర్న్ అనాలి.

అలవాట్లూ జబ్బులూ కూడా పిక్ అప్ అవుతాయి. కాకపోతే ఇక్కడ కర్త తారుమారవుతాడు, అది గమనించండి. తెలుగులో జలుబు మనిషిని పట్టుకుంటుంది: ‘నన్ను జలుబు పట్టుకుంది’. ఇంగ్లీషులో మనిషే జలుబును పట్టుకుంటాడు: ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్’. విదేశాల్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూలకు వెళ్ళే నర్సులతో ఈ ఒక్క మార్పు కోసమే ఒక గంట గడుపుతాను. రోగికి ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ సోకిందని చెప్పడానికి ‘ద పేషంట్ పిక్డ్ అప్ యాన్ ఇన్ఫెక్షన్’ అనాలి. ఇన్ఫెక్షన్‌ను కర్తగా పెట్టి వాక్యం మొదలుపెడితే దారి తప్పుతారు. ఇది బయటి నుంచి సోకే జబ్బులకే. షుగర్ వ్యాధినీ గుండెజబ్బునూ ఎవరూ పిక్ అప్ చేయరు.

వినడం, గ్రహించడం దగ్గర కూడా ఇదే మాట. 2020లో తరగతులు ఇళ్ళలోంచి నడిపినప్పుడు నేను ఎక్కువసార్లు అన్న వాక్యం ‘యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద కుక్కర్’. ఒక అమ్మాయి వాళ్ళింట్లో సరిగ్గా ఏడున్నరకు మూడు కూతలు వచ్చేవి, ఆ అమ్మాయి గొంతు వినిపించేది కాదు, పప్పు ఉడికిందని మాత్రం అందరికీ తెలిసేది. మైకు శబ్దాన్ని, ఫోను సిగ్నల్‌ను పిక్ అప్ చేస్తాయి. మనుషులు మాటల వెనుక ఉన్న సూచనను పసిగడితే అది పిక్ అప్ ఆన్, వెనకాల ఇంకొక ఆన్ కావాలి. అప్ తీసేసి ఒట్టి ‘పిక్ ఆన్’ అంటే అర్థం పూర్తిగా వేరు: ఒకరిని పనిగట్టుకుని వేధించడం. ఒక విద్యార్థి తన అధికారిని పొగుడుతూ ‘షీ పిక్స్ ఆన్ మీ’ అని రాశాడు, తన మనసులో ఉన్నది చెప్పకుండానే గ్రహిస్తుందన్న ఉద్దేశంతో. మెయిల్ పంపకముందు నాకు చూపించబట్టి సరిపోయింది.

మీ మేనేజరు అన్నదానికి తెలుగులో దగ్గరి మాట ‘అందుకోవడం’. భజనలో ఒకరు ఆపిన చోట ఇంకొకరు పల్లవి అందుకుంటారు కదా, అదే. ‘కెన్ యూ పిక్ దిస్ అప్?’ అంటే ఎవరి చేతిలోనూ లేక పడి ఉన్న పనినో, ఒకరు వదిలిన పనినో మీరు అందుకుంటారా అని. సమావేశాల్లో ‘లెట్స్ పిక్ అప్ వేర్ వీ లెఫ్ట్ ఆఫ్’ అన్నా ఇదే, నిన్న ఆపిన చోటు నుంచి అందుకుందామని. సరేనంటే ‘ష్యూర్, ఐ విల్ పిక్ ఇట్ అప్’ అని బదులివ్వండి. ఇట్ ఎక్కడ పెట్టాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక కుటుంబం: ఎక్కడో ఉన్నది మన దగ్గరికి చేరడం. ‘పుంజుకోవడం’ మాత్రం వేరే కొమ్మ. దాన్ని ఈ కుటుంబంలో కలపాలని తంటాలు పడకండి, విడిగా గుర్తుపెట్టుకోండి. వ్యాపారం, గాలి, వాన, వేగం పిక్ అప్ అవుతాయి. ఇక్కడ మనవాళ్ళు వరసగా పడే గుంత ఒకటుంది. కోఠి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం నడిపే ఒకాయన ‘సేల్స్ వర్ పిక్డ్ అప్ డ్యూరింగ్ దసరా’ అన్నారు. తెలుగులో ‘పికప్ అయ్యాయి’ అంటాం, ఆ ‘అయ్యాయి’ కోసం వర్ తెచ్చి పెట్టారు. వర్ పెడితే ఎవరో వచ్చి అమ్మకాలను ఎత్తుకుపోయినట్టు అవుతుంది. ‘సేల్స్ పిక్డ్ అప్’, అంతే. పుంజుకునేది అమ్మకాలే, ఇంకొకరి చెయ్యి అందులో లేదు. వాటంతటవి పుంజుకునే చోట వాజ్, వర్ తగలనివ్వకండి.

‘ఈ బండికి పికప్ లేదు’ అని మెకానిక్ అంటే మనకు బాగా తెలుసు, ఆక్సిలరేటర్ తిప్పినా బండి లాగడం లేదని. బయటి దేశాలవాళ్ళతో ఈ అర్థంలో వాడకండి. పికప్ అనగానే వాళ్ళ కళ్ళ ముందుకు వచ్చేది వెనుక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. వాళ్ళతో యాక్సిలరేషన్ అనండి.

రెండు చోట్ల కాస్త జాగ్రత్త అవసరం. ఒకటి బిల్లు. బిర్యానీ తిన్నాక ఎవరైనా ‘ఐ విల్ పిక్ అప్ ద బిల్’ అంటే, కౌంటర్ నుంచి బిల్లు కాగితం తెస్తానని కాదు, డబ్బు తాను కడతానని. మీరు మర్యాదకు ఆ వాక్యం అంటే పర్సు తీయడానికి సిద్ధపడి అనండి. రెండోది మనుషులు. కొత్తగా కలిసిన అమ్మాయిని పార్టీలో పిక్ అప్ చేశాను అంటే ఇంగ్లీషులో దానికి వేరే వాసన ఉంది, సరసం ఉద్దేశంతో పరిచయం పెంచుకోవడమని. చెల్లెల్ని కాలేజీ నుంచి తెచ్చానని చెప్పేటప్పుడు ‘ఫ్రమ్ కాలేజ్’ అన్న ముక్క జతచేస్తే ఏ అనుమానమూ ఉండదు. ఎక్కడి నుంచి, ఎన్నింటికి అన్నది చెప్పగానే అది ప్రయాణం సంగతి అయిపోతుంది. పోలీసులు ఎవరినైనా పిక్ అప్ చేశారంటే అదుపులోకి తీసుకున్నారని. పత్రికల్లో చదివినప్పుడు ఎవరో కారు పంపించారనుకోకండి.

ఇవన్నీ ఒకేసారి నోటికి రావాలని లేదు. మీ పనికి కావాల్సినవి నాలుగే: బండి ఎక్కించుకోవడం, పార్సిల్ తెచ్చుకోవడం, ఫోను తీయడం, పని అందుకోవడం. మిగతావి వినబడినప్పుడు అర్థమైతే చాలు. ఈ నాలుగింటినీ ఇట్, యూ, హిమ్, దెమ్‌లతో కలిపి మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చేలోపు మనసులో తిప్పుకోండి. నా విద్యార్థులలో చాలామందికి వారం పట్టింది, కొందరికి నెల.

లండన్ నుంచి వచ్చే ఆయన బుధవారం దిగుతున్నారన్నారు. మొదటి సందేశానికి క్షమాపణలు అక్కర లేదు, ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. బయలుదేరే ముందు ‘ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ అరైవల్స్ ఎట్ సిక్స్’ అని ఇంకొకసారి పంపండి. విమానం ఆలస్యమై ఆయన దిగగానే మీకు ఫోను చేయవచ్చు, అది సైలెంట్‌లో పెట్టకండి. ‘యూ డిడ్ నాట్ పిక్ అప్’ అని ఆయనతో అనిపించుకోవడం ఎందుకు?